ఫ్రిజ్ చప్పుడు ఎవరి తప్పు?

ప్రశ్న: నా వయసు 21. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తొమ్మిది నిమిషాల లఘుచిత్రం తీశాను. కథ, దర్శకత్వం నావే. నాలుగేళ్ళుగా ప్రాణస్నేహితుడైనవాడు సౌండ్ చూసుకున్నాడు. తీరా ఎడిటింగ్‌లో కూర్చుంటే, తల్లీకొడుకులు మాట్లాడుకునే ముఖ్యమైన సన్నివేశమంతా వెనక ఫ్రిజ్ చప్పుడే. అందరి ముందూ ‘నీ వల్లే సినిమా పోయింది’ అన్నాను. తర్వాత డబ్బింగ్ చెప్పించి మేమే సరిచేసుకున్నాం. అందుకే టైటిల్స్‌లో అతని పేరు వేయలేదు. ప్రదర్శన రోజున, ఏడవాల్సిన చోట జనం నవ్వారు. ‘ఈ చిత్రం వల్ల ఏం నేర్చుకున్నారో రాయండి’ అని మా గైడు అడిగితే పదకొండు పాఠాలు రాశాను. మీకూ జతచేస్తున్నాను. నెలన్నరగా అతను నాతో మాట్లాడడం లేదు. ఎదురుపడినా ముఖంలో ఏ భావమూ ఉండదు. నేనంటే అసహ్యమని తెలిసిపోతోంది. అసలు సినిమాలు నాకు పనికిరావేమో. ఏం చేయాలి?

జవాబు: మీ పదకొండు పాఠాలూ చదివాను. నిజం చెప్పాలంటే ఉత్తరం కన్నా వాటినే ఎక్కువసార్లు చదివాను. చాలావరకు బాగున్నాయి. ఫుటేజీ రెండుచోట్ల దాచుకోవాలన్నది, నటులకు వేళకు భోజనం పెట్టాలన్నది అనుభవిస్తే తప్ప ఎవరూ రాయరు. కానీ నాలుగో పాఠాన్నీ ఏడో పాఠాన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

నాలుగోది: ‘సౌండ్ రికార్డు చేసేవారు అర నిమిషం నిశ్శబ్దం అడిగితే ఇవ్వాలి. లైటు పోతోందని మేం ఇవ్వలేదు.’ ఏడోది: ‘సౌండ్ బాధ్యతను శ్రద్ధ ఉన్నవారికే అప్పగించాలి.’

ఆ రోజు అర నిమిషం అడిగింది ఎవరు? ఇవ్వనన్నది ఎవరు?

ఆ అర నిమిషం దేనికో మీకు తెలుసు, ఇతర పాఠకుల కోసం చెబుతాను. ఖాళీ గదికీ ఒక సొంత చప్పుడు ఉంటుంది. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య బొత్తిగా శబ్దం లేకపోతే చెవికి గోతిలో పడినట్టు ఉంటుంది. ఆ గోతిని పూడ్చడానికే గది చప్పుడును విడిగా రికార్డు చేసుకుంటారు. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. ఆ అర నిమిషం అందరూ కదలకుండా నిలబడితే, అప్పటిదాకా హడావిడిలో వినపడని ఫ్రిజ్ అప్పుడు వినిపిస్తుంది. అనుభవం ఉన్న సౌండ్ రికార్డిస్టులు ఫ్రిజ్ ఆపేసి, తమ బండి తాళాలు అందులోనే పెడతారట. మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోతే ఇంటికి వెళ్ళలేరు కదా! మీ స్నేహితుడికి ఈ చిట్కా తెలుసో లేదో గానీ, అతని చెవి మాత్రం సరిగ్గానే పనిచేసింది. గడియారం మీ చేతిలో ఉంది.

ఇక జనం నవ్వడం గురించి. దానికి కారణం కూడా మీ కాగితంలోనే, రెండో పాఠంలో ఉంది. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా దానికి ఒకవైపే ఉండాలి. మీరు ఆ గీత దాటారు. దాంతో తెర మీద తల్లీ కొడుకూ ఒకే దిక్కుకు చూస్తూ, మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు కనిపించారు. పైగా డబ్బింగులో పెదవులు ఒకటి చెబుతున్నాయి, మాటలు ఒకటి. నవ్వు అక్కడ పుట్టింది. మొదటి సినిమాలో ఆ గీత దాటనివాళ్ళు అరుదు, దాని గురించి సిగ్గుపడకండి. అయితే ఆ నవ్వుతో ఫ్రిజ్‌కు సంబంధం లేదని మాత్రం ఒప్పుకోండి.

‘తెలిసిపోతోంది’ అన్నారు. ఎలా తెలిసింది? దాదాపు 100 ఏళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. ఒకే నటుడి ముఖం, అందులో ఏ భావమూ లేదు. దాని పక్కన సూపు గిన్నె చూపిస్తే ఆకలన్నారు, శవపేటిక చూపిస్తే దుఃఖమన్నారు. మీ స్నేహితుడి ముఖం పక్కన మీరు పెట్టుకున్న షాటు మీ తప్పే. అందుకే అక్కడ అసహ్యం కనిపిస్తోంది. అది చిన్నబోయిన ముఖం కావచ్చు. మీరే ముందు మాట్లాడతారని ఎదురుచూస్తున్న ముఖమూ కావచ్చు. అడిగితే తప్ప తెలియదు.

అడగడానికి మెసేజీ పెట్టకండి. పెద్ద మెసేజీ అసలే వద్దు. అందులో మీ ప్రాణం ఊరుకోక లైటు సంగతి, గడువు సంగతి రాస్తారు. నేరుగా వెళ్ళి, ‘నువ్వు అర నిమిషం అడిగావు. నేను ఇవ్వలేదు. ఇవ్వకపోగా నలుగురిలో నిన్ను అన్నాను’ అని చెప్పండి. అక్కడితో ఆగండి. ‘కానీ’ అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి. అతను కోప్పడితే వినండి. వెంటనే కలిసిపోవాలని పట్టుబట్టకండి, అతనికి నెల పట్టవచ్చు, అసలు కలవకపోనూ వచ్చు. ఇంకో మాట. అన్నది నలుగురి ముందు కాబట్టి, క్షమాపణ నాలుగు గోడల మధ్య చెబితే చెల్లదు. ఆ రోజు గదిలో ఉన్న మిగతావాళ్ళకూ జరిగింది ఇదీ అని మీరే చెప్పాలి. మీ గైడుకు ఇచ్చిన కాగితంలో ఏడో పాఠం కొట్టేసి, నాలుగోదాన్ని మీ పేరుతో తిరిగి రాసివ్వండి.

సినిమాలు మీకు పనికివస్తాయా అంటే, తొమ్మిది నిమిషాలు చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. రెండోది తీశాక అడగండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన టైటిల్స్ సంగతి. తిట్టు ఆ గదిలో వినిపించి పోయింది. లేని పేరు మాత్రం సినిమా వేసిన ప్రతిసారీ లేకుండానే ఉంటుంది. డబ్బింగ్ జరిగింది ఒక్క సన్నివేశానికి. మిగతా చిత్రమంతా వినిపిస్తున్నది అతను పట్టుకున్న మైకులోంచి వచ్చినదే. ఈ రాత్రే ప్రాజెక్టు ఫైలు తెరిచి, ‘సౌండ్’ అన్నచోట అతని పేరు చేర్చి, కొత్త కాపీ తీసి గైడుకు అందజేయండి. అతని దగ్గరికి ఆ తర్వాత వెళ్ళండి. పేరు చేర్చిన సంగతి మాత్రం మీరు ఎత్తకండి.