మారిషస్ సముద్రం గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ చదవడం అయ్యాక నాకు మారిషస్ కళ్లముందు కదల్లేదు. సముద్రాన్ని పాడుచేయకుండా దాని మీద బతకడానికి ఆ దేశం ఎంతవరకు సిద్ధంగా ఉంది అని అడిగావు. జవాబుగా ఏ చట్టాలున్నాయో, ఏ శాఖ ఎప్పుడు పెట్టారో చెప్పావు. శుభలేఖలు అచ్చయితే పెళ్లి ఏర్పాట్లు అయిపోయినట్టేనా? వంటవాళ్లు వచ్చారా, నీళ్లున్నాయా, వాన పడితే జనాన్ని ఎక్కడ కూర్చోబెడతారు అని కదా ఇంటిపెద్ద చూసుకునేది!

మొదట నీ అంకెలే తీసుకుందాం. ఆ దీవుల దేశానికున్న నేల 2,040 చదరపు కిలోమీటర్లు, మన కాకినాడ జిల్లా కంటే తక్కువ. తనదని చెప్పుకునే సముద్రం దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశానికున్నదీ ఇంచుమించు అంతే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ‘అపారమైన అవకాశం’ అని రాశావు. నాకు మాత్రం అవి చూడగానే దిగులేసింది. పన్నెండు లక్షల పైచిలుకు జనం అంత నీటికి కాపలా ఎలా కాస్తారు? వాళ్ల గస్తీ ఓడ బారాకుడా మన కోల్‌కతాలో తయారై 2015లో విధుల్లో చేరింది. అలాంటివి ఎన్నుంటే సరిపోతాయి? ఎవరు ఎక్కడ వల వేస్తున్నారో చూసే కన్ను లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. నీ వ్యాసాన్ని ఇక్కడ మొదలుపెట్టు.

ఇక వకాషియో అనే సరుకు ఓడ సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నేనైతే దానికి సగం వ్యాసం ఇచ్చేస్తాను. 2020 జులై 25న ఆ ఓడ ఆగ్నేయ తీరంలో పొయింట్ డెస్నీ దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కేసింది. ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా నడిపారని తర్వాత దర్యాప్తులో తేలింది. లోపల దాదాపు 4,000 టన్నుల ఇంధనం ఉంది. అది కారడం మొదలైంది ఆగస్టు 6న. మధ్యలో పన్నెండు రోజులు! ఓడ ఎదురుగానే ఉంది, లోపల ఏముందో అందరికీ తెలుసు. ఆ పన్నెండు రోజుల్లో ఏ రోజు ఎవరు ఏం చేశారు, ఏం చేయలేకపోయారు, ఏ సామాను ఎక్కణ్ణుంచి రావాలి? ఇది రోజువారీగా రాస్తే చాలు, ఆ దేశం సిద్ధంగా ఉందో లేదో పాఠకుడికే తెలిసిపోతుంది. చివరికి వెయ్యి టన్నుల వరకు నీళ్లలో కలిసింది. ఆగస్టు మధ్యలో మన దేశం నుంచి 30 టన్నుల సామగ్రి, పదిమంది నిపుణులు వెళ్లారు.

అంతకుముందే జనం ఒడ్డుకొచ్చేశారు. గుడ్డను పొడవాటి సంచుల్లా కుట్టి, లోపల ఎండిన చెరకు ఆకు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీళ్లలోకి వదిలారు. చేతులు మోచేతుల దాకా నల్లగా అయిపోయాయి. ఆ చెరకు ఆకు దగ్గర కాసేపు ఆగు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు వెళ్లింది ఆ చెరకు తోటల్లో పనికే. అందుకే అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలని పేరొచ్చింది. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. ఈ సంబంధం నిజమైనది కాబట్టి రెండు వాక్యాలు రాయి, మన గొప్పలోకి మాత్రం జారిపోకు.

రెండో ఘట్టం రోడ్రిగ్స్‌ది. మారిషస్‌లో భాగమైన ఆ చిన్న దీవి నీ వ్యాసంలో అసలు లేదు. అక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆడవాళ్లు పగడపు దిబ్బల మీద నడుస్తూ, ఇనుప చువ్వతో బొరియల్లో పొడిచి ఆక్టోపస్‌లు పడతారు. ఏడాదికేడాది దొరికేవి తగ్గిపోతుంటే 2012లో రెండు నెలలు ఆ వేట ఆపేశారు. ఆ రెండు నెలలూ వాళ్లకు వేరే పనులిచ్చి కూలి కట్టారు. ఆక్టోపస్ త్వరగా పెరుగుతుంది, మళ్లీ వేట మొదలుపెట్టేసరికి పెద్దవి పడ్డాయి. అది చూసి తర్వాత పెద్ద దీవిలోనూ నిషేధం పెట్టారు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా. చాలా ఏళ్ల క్రితం దాని మీద నేనొక వ్యాసం రాశాను. గుడ్లు పెట్టే కాలం, చేపల సంతతి, అన్నీ సరిగ్గానే రాశాను. అది చదివించుకుని విన్న ఉప్పాడ పెద్దావిడ ఒకామె, ‘ఆ రెండు నెల్లూ మా పొయ్యి మీదికి ఏం ఎక్కిందో రాయలేదేం బాబూ?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. రోడ్రిగ్స్‌లో కూలి డబ్బు గురించి రాసేటప్పుడు ఆ ప్రశ్న నువ్వు మర్చిపోవద్దు. ఎవరిచ్చారు, ఎంతమందికి అందింది, ఎవరికి అందలేదు? చేపను ఆగనివ్వాలంటే మనిషికి ఆగే స్తోమత ఉండాలి. ఆ స్తోమత ఎంత ఉందో కొలవడమే నీ వ్యాసం పని.

ట్యూనా ఫ్యాక్టరీల భాగం బాగుంది, కాస్త కుదించు. యూరప్ ఓడలు ఒప్పందం మీద వచ్చి పట్టుకుపోయే చేపలో దేశానికి మిగిలేదెంత అన్న లెక్క మాత్రం వదలకు.

భాష గురించి ఒక్కటే మాట. ‘భాగస్వామ్య పక్షాలు’ అని పదకొండు చోట్ల రాశావు. తీసేసి చేపలు పట్టేవాళ్లు, హోటళ్లవాళ్లు, రేవు కూలీలు అని విడివిడిగా రాయి. విడదీయగానే వాళ్ల మధ్య తగాదా ఎక్కడుందో నీకే కనపడుతుంది.

పోర్ట్ లూయిస్‌లో తెలిసినవాళ్లున్నారన్నావు కదా. మంత్రిగారి ఇంటర్వ్యూ దొరకలేదని టెన్షన్ పడకు. వకాషియో ఇంధనం కారాక ఆ తీరంలోనే ఉన్న మాయెబూర్ ఊరి వైపు లగూన్‌లో, అంటే దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నిలిచే ఆ లోతులేని నీళ్లలో, నెలల తరబడి వేట ఆపేశారు. అప్పుడు పడవ ఒడ్డుకు లాగి కూర్చున్న ఒక కుటుంబం ఫోన్ నంబరు సంపాదించు. వాళ్లతో మాట్లాడాకే రెండో డ్రాఫ్టు పంపు, ఆలస్యమైనా ఫర్వాలేదు.

ప్రేమతో,
మీ మాస్టారు