పార్కు లోపల గదా, ఊళ్లో హోటలా?

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఉన్న ఒక నేషనల్ పార్కుకు మూడు రాత్రుల ట్రిప్ అనుకుంటున్నాం. మేమిద్దరం, పాప, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. పార్కు లోపలి గెస్ట్‌హౌస్ అద్దె ఊళ్లో హోటల్‌కి దాదాపు రెట్టింపు. ఊరి నుంచి గేటుకు గంట ప్రయాణం. లోపలే దిగితే బండి ఖర్చు మిగిలి అదే చవక పడుతుందని మావారు అంటున్నారు. తేడా డబ్బు ఎమర్జెన్సీ ఫండ్ నుంచి తీసుకోవచ్చా?

జవాబు: మీవారి మాట సబబుగానే అనిపించింది కానీ, కాగితం మీద పెడితే నిలబడలేదు. ఊళ్లో ఒక రాత్రి అద్దె 100 అనుకుందాం, లోపల 180. పార్కుకు ఒకసారి వెళ్లి రావడానికి బండికి 60. లోపల ఉన్న ఒక్క క్యాంటీన్‌లోనే తినాలి కాబట్టి రోజుకు 20 ఎక్కువ వేశాను. మూడు రాత్రులూ ఊళ్లో అయితే అద్దె 300, రెండు రోజులు పార్కుకు తిరిగినందుకు 120, మొత్తం 420. లోపలైతే అద్దె 540, భోజనాల తేడా 60, సామానుతో వెళ్లి రావడానికి 60, మొత్తం 660. బండి మీద మిగిలిన 60 క్యాంటీన్‌కే పోయింది. అద్దెలో ఉన్న 240 తేడా అలాగే ఉంది.

మరి ఆ 240తో మీకు దొరికేదేమిటి? తెల్లవారుజామున ఒడ్డు మీద ఉండే వీలు. రాళ్ల మధ్య నీటి గుంటలు, పీతలు, బురద మేటల మీద వాలే పక్షులు... ఇవన్నీ ఆటు సమయంలోనే, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే బాగా కనిపిస్తాయి. ఆటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటి ఉదయం ఐదున్నరకు నీళ్లు పూర్తిగా తగ్గితే, ఎల్లుండికి ఏడు దాటుతుంది. ఏడింటి ఆటుకు ఊళ్లోంచి బయల్దేరినా అందుకోవచ్చు, ఐదున్నరది కష్టం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకా వెనక్కి పోతాయి, తేదీలు మార్చుకునే వీలుంటే అది చూసుకోండి.

కాబట్టి ఆటు బాగా పొద్దున్నే ఉన్న రోజు ముందు రాత్రి ఒక్కటే లోపల ఉండండి, మిగతా రెండూ ఊళ్లో. అద్దె 380, ఒక రోజు భోజనాల తేడా 20, రెండుసార్లు బండికి 120, మొత్తం 520, అంటే మూడు రాత్రులూ ఊళ్లో ఉండేదానికన్నా 100 మాత్రమే ఎక్కువ. మీ అమ్మగారికి మధ్యలో గది మారడం ఇబ్బందేనని తెలుసు. అయినా ఆటు కోసం చీకట్లో లేచి గంట బండి ప్రయాణం చేయడం కంటే గది మారడమే నయమనిపిస్తోంది. కింది అంతస్తు గది, వెస్ట్రన్ టాయిలెట్ ఉన్నాయో లేదో అడ్వాన్స్ కట్టకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక రీఫండ్ సంగతి. 100 గదిని 90కి ఇస్తాం, రద్దు చేస్తే పైసా రాదు అంటారు. ట్రిప్ రద్దయ్యే అవకాశం పదింట ఒకటి కంటే ఎక్కువైతే ఆ డిస్కౌంట్ నష్టమే. తీరంలో వాయుగుండం పడితే పడవలు ఆగిపోతాయి, పెద్దవాళ్ల ఆరోగ్యం చెప్పలేం. మీ విషయంలో నేనైతే పూర్తి అద్దె కట్టి రీఫండ్ ఉన్నదే తీసుకుంటాను. (నేనూ ఒకసారి ఆ పది మిగుల్చుకోబోయి తొంభై పోగొట్టుకున్నాను, ఇంట్లో ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.)

పార్కు పేరు మీరు రాయలేదు. తెరిచి ఉండే నెలలు కూడా చూసుకోండి. ఒడిశాలోని భితరకనికను మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని మే నుంచి జులై దాకా మూసేస్తారు. అమెరికాలోని అకాడియాలో అయితే లోపల హోటలే లేదు, టెంట్లు వేసుకునే క్యాంపుగ్రౌండ్లే. గది కావాలంటే బార్ హార్బర్ లాంటి ఊళ్లలో దిగాల్సిందే.

ఎమర్జెన్సీ ఫండ్ మాత్రం ముట్టుకోవద్దు. అది ఆసుపత్రికి, ఉద్యోగం పోయిన నెలలకు. క్రెడిట్ కార్డు ఈఎంఐ కూడా వద్దు. ఆ అదనపు 100ను రెండు మూడు నెలలు విడిగా దాచండి. ఈలోగా లాంగ్ వీకెండ్ రద్దీ కూడా తగ్గితే ఊళ్లో హోటల్ అద్దె మళ్లీ అడిగి చూడండి.