తెర లేని చోట తెరంగేట్రం

సందేహం: మా కాలేజీ గోడపత్రికకు న్యూజిలాండ్ గాయని లార్డ్ మీద ఒక చిన్న వ్యాసం రాశాను. "16 ఏళ్ల గాయని లార్డ్ తన తొలి సింగిల్ 'రాయల్స్'తో పాప్ సంగీతంలో తెరంగేట్రం చేసి, రాత్రికి రాత్రే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది" అని మొదలుపెట్టాను. మా తెలుగు మాస్టారు 'తెరంగేట్రం' కింద గీత గీశారు, 'గాయని'ని కొట్టేసి 'గాయకురాలు' అని దిద్దారు, 'సింగిల్' పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. కారణం అడిగితే "నువ్వే కనుక్కో" అన్నారు. దయచేసి చెప్పగలరు.
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: అమ్మా, మాస్టారు గీతలు గీసిన మాటలకన్నా గీయకుండా వదిలేసిన చోటే నాకు ఎక్కువ పని కనిపించింది. అయినా ముందు ఆయన పట్టుకున్నవే చూద్దాం.

అరంగేట్రం మనకు తమిళం నుంచి వచ్చింది. అరంగు అంటే రంగస్థలం. సంస్కృత రంగ శబ్దానికి ముందు తమిళులు అలవాటు ప్రకారం ఒక అకారం తగిలించుకున్నారు. ఏట్రం అంటే ఎక్కడం, పైకి లేవడం. వేదిక ఎక్కడమే అరంగేట్రం. బావిలోంచి నీళ్లు పైకి తోడే ఏతాన్ని కూడా తమిళులు ఏట్రం అనే అంటారు, మన ఏతం దాని చుట్టమే. మా ఊళ్లో ఏతం తొక్కేవాళ్లు దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే నేను చూశాను. ఆ మనిషికీ, గజ్జె కట్టి తొలిసారి వేదిక ఎక్కే అమ్మాయికీ మాటల్లో ఇంత దగ్గరి బంధుత్వం ఉంటుందని అప్పుడు తెలియదు.

నాట్యంలో ఈ మాట వెనుక కొన్నేళ్ల సాధన, గురువు అనుమతి, పెద్దల ముందు పరీక్ష ఉంటాయి. కూచిపూడి వాళ్లలో చాలామంది ఆహ్వానపత్రిక మీద 'రంగప్రవేశం' అని వేయించుకుంటారు, అర్థం అదే. తమిళంలో మనిషికే కాదు, కావ్యానికి కూడా అరంగేట్రం ఉంది. కంబర్ తన రామాయణాన్ని శ్రీరంగంలో పండితుల ముందు అరంగేట్రం చేశాడని వాళ్ల సంప్రదాయ కథ. తెలుగులో క్రికెటర్లు టెస్టుల్లో, నాయకులు రాజకీయాల్లో అరంగేట్రం చేసి చాలాకాలమైంది. అర్థం అంతగా విస్తరించాక పాప్ గాయని ఒక్కదాన్నే గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు.

తెరంగేట్రం కథ వేరు. అది సినిమావాళ్ల కోసం తెలుగువాళ్లు కట్టుకున్న మాట. తెర, అరంగేట్రం కలిస్తే సంధి ప్రకారం 'తెరరంగేట్రం' కావాలి. పలికి చూడండి, రెండు రకారాలు పక్కపక్కన నిలబడి నాలుకను తడబెడతాయి. అందుకే ఒకటి నోట్లోనే కరిగిపోయింది. వ్యాకరణం అడిగి పుట్టిన మాట కాదు కానీ చక్కగా పుట్టిన మాట. తిట్టవలసింది ఏమీ లేదు. ఆ తెర మాత్రం వెండితెరో బుల్లితెరో అయి ఉండాలి. లార్డ్ తెర మీద కనిపించి పేరు తెచ్చుకోలేదు, వినిపించి తెచ్చుకుంది. 2012 నవంబరులో అయిదు పాటల చిన్న సంపుటిని సౌండ్‌క్లౌడ్ అనే పాటల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టింది. 'రాయల్స్' అందులోదే. ఫోన్ తెర కూడా తెరే కదా అని మీరు వాదిస్తే నేను నవ్వి ఊరుకుంటాను గానీ ఒప్పుకోను. ఇక్కడ మాస్టారి గీత సరైనదే. 'అరంగేట్రం చేసింది' చాలు. పనిలో పనిగా ఒక మాట: పత్రికల్లో తరచు కనిపించే 'తొలి అరంగేట్రం' మాత్రం రాయకండి, రెండో అరంగేట్రం ఎవరికీ ఉండదు.

నన్ను అడిగితే ఇంతకన్నా తేలికైన తెలుగు మాట ఒకటుంది. కొట్టు తెరవగానే మొదటి బేరం కుదిరితే ఏమంటాం? బోణీ. క్రికెట్ శీర్షికల్లో అది రోజూ కనిపిస్తుంది. అరంగేట్రం అంటే ఎక్కడమే, ఎక్కాక చప్పట్లు పడ్డాయో లేదో ఆ మాట చెప్పదు. 'తొలి పాటతోనే బోణీ కొట్టింది' అంటే మొదలుపెట్టడం, గెలవడం రెండూ వచ్చేస్తాయి. గోడపత్రికకు ఆ మాట బాగానే నప్పుతుంది.

ఇక గాయని. మాస్టారు ఇక్కడ తొందరపడ్డారు. గాయకుడికి స్త్రీలింగం కదా, గాయకురాలే కావాలి, గాయని ఎక్కణ్నుంచి వచ్చిందని ఆయన అనుమానం కావచ్చు. పాడేవాడికి సంస్కృతంలో గాయక, గాయన అని రెండు మాటలున్నాయి. గాయకకు స్త్రీలింగం గాయిక, నాయకకు నాయికలాగే. గాయనకు స్త్రీలింగం గాయనీ, తెలుగులో చివర హ్రస్వమై గాయని. పాణిని ఈ గాయన శబ్దానికి వేరే సూత్రమే చెప్పాడు. గాయకురాలు తెలుగు పద్ధతిలో కట్టిన మాట. ధీరురాలు, గుణవంతురాలు అన్నట్టు, తత్సమానికి 'ఆలు' చేరితే మధ్యలో రు వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన దారిలోనే వచ్చింది. రెండూ ఒప్పులే. గాయకి అని రాస్తేనే తప్పు. హిందుస్తానీ సంగీతంలో గాయకి అంటే పాడే బాణీ, మనిషి కాదు.

అచ్చతెలుగు కావాలంటే పాటగాడికి జతగా పాటగత్తె ఉంది, అందగాడికి అందగత్తెలాగా. ఈ అమ్మాయికి అదే ఎక్కువ నప్పుతుందేమో కూడా. ఆమె ఒకరు రాసిస్తే పాడి వెళ్లిపోలేదు. ఆక్లాండ్‌లో ఒక చిన్న స్టూడియోలో, బడి సెలవుల్లో, జోయెల్ లిటిల్ అనే సంగీతకారుడితో కలిసి ఆ పాట కట్టింది. సాహిత్యం ఇంటి దగ్గర అరగంటలో రాసుకున్నానని తనే చెప్పింది. మన లెక్కలో మాట, పాట రెండూ కట్టేవారు వాగ్గేయకారులు. 16 ఏళ్ల పిల్లను వాగ్గేయకారిణి అంటే త్యాగయ్యగారి భక్తులు నా మీదికి వస్తారు గనుక అక్కడితో ఆపుతాను.

లింగం సంగతి వచ్చింది కాబట్టి ఆమె పేరు కూడా చూడండి. అసలు పేరు ఎల్లా. రాజులు, ప్రభువుల హంగు మీద ఆసక్తితో 'లార్డ్' అనే మాట తీసుకుంది. అది మగవాళ్లకు వాడేది కదా, అందుకని చివర ఇంగ్లీషు 'ఇ' (e) అక్షరం ఒకటి చేర్చి ఆడపేరు చేసుకుంది. ఆ అక్షరం పలకదు, కంటికి మాత్రమే స్త్రీలింగం. తెలుగులో రాసేసరికి అదీ పోయి లార్డ్ మళ్లీ మగవాడైపోయాడు. కొందరు స్పెల్లింగ్ చూసి 'లార్డే' అంటున్నారు, అది తప్పు ఉచ్చారణ. ఇంగ్లీషులో మూగగా ఉన్న స్త్రీప్రత్యయం పని తెలుగులో గాయని అనే మాటే చేయాలి. మీ వాక్యంలో దాన్ని అందుకైనా ఉంచండి.

సింగిల్ పక్కన ప్రశ్నార్థకం ఎందుకు పడిందో ఊహించగలను. సింగిల్ అంటే మనకు చాయ్ గుర్తొస్తుంది, క్రికెట్‌లో ఒక్క పరుగు గుర్తొస్తుంది, పెళ్లికాని మేనల్లుడు గుర్తొస్తాడు. సంగీతంలో దాని పుట్టుక రికార్డుల అంగట్లో జరిగింది. ఎక్కువ పాటలు పట్టే పెద్ద ప్లేటు 1948లో, వైపుకు ఒక్క పాట పట్టే ఏడంగుళాల చిన్న ప్లేటు 1949లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. ఆ చిన్న ప్లేటు సింగిల్ అయింది. తర్వాత ప్లేటు పోయినా పేరు మిగిలింది. ఇప్పుడు విడిగా విడుదల చేసే ఏ పాటైనా సింగిలే.

తెలుగులో మాత్రం ఈ మాట సినిమావాళ్ల చేతుల్లో పడి అర్థం మారింది. 'ఫస్ట్ సింగిల్ వచ్చేసింది' అంటే ఫలానా సినిమా నుంచి ముందుగా వదిలిన పాట అని మనవాళ్లకు అర్థం. దాని వెనుక ఒక సినిమా, ఒక హీరో ఉండి తీరాలి. లార్డ్ పాట వెనుక అవేవీ లేవు. సినిమాతో సంబంధం లేకుండా విడిగా ఇచ్చిన పాటను మన పెద్దవాళ్లు 'ప్రైవేటు పాట', 'ప్రైవేటు రికార్డు' అనేవారు. కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలను ఘంటసాల పాడి ఇచ్చినది అలాంటి రికార్డే. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతి పాడిన లలితగీతాలూ ఆ కోవలోవే. ఇవాళ ఆ పేరు వాడితే పిల్లలకు ప్రైవేటు కాలేజీ గుర్తుకు రావచ్చు గానీ, అసలు పాప్ సింగిల్‌కు సినిమా సింగిల్ కన్నా ఈ ప్రైవేటు పాటే దగ్గర.

పద్యాల్లోనూ ఈ తేడా మనకు తెలుసు. కథ, కావ్యం అవసరం లేకుండా ఒంటరిగా నిలబడే పద్యం ముక్తకం. ఆ లెక్కన ఆల్బమ్ శతకమైతే సింగిల్ ముక్తకం. ఏకగీతం అని ఎవరైనా అనువాదం చేస్తే నాకు జాతీయగీతం వింటున్నట్టు ఉంటుంది. 'విడిపాట' నాకు నచ్చిన మాట, విడిపూలు అన్నట్టు. అయితే నాకు నచ్చినంత మాత్రాన మీరు వాడాలని లేదు. పాప్ సంగీతం గురించి రాసేటప్పుడు సింగిల్ ఉంచండి. 'తొలి పాట' అని మాత్రం మార్చకండి. చెప్పానుగా, అయిదు పాటలు ఒకేసారి బయటికి వచ్చాయి. వాటిలో ఏది తొలిదంటే చెప్పలేం, తొలి సింగిల్ ఏదంటే చెప్పగలం. ఇక్కడ అరువు మాటకే నిఖార్సైన అర్థం ఉంది. అలాంటప్పుడు బోణీ వాక్యం కూడా 'తొలి సింగిల్‌తోనే బోణీ కొట్టింది' అని రాసుకోవాలి. నేను పైన 'తొలి పాట' అనేశాను, ఆ తప్పు నాది.

ఇప్పుడు మాస్టారు వదిలేసిన చోటు. 'తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది' అన్నారు. ఎవరు నిలిచారు? మీ వాక్యంలో కర్త లార్డ్. బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టిక, మనుషుల పట్టిక కాదు. నిలిచింది పాట. ఇంగ్లీషులో ఈ పొరపాటు 'ఆమె', 'అది' దగ్గరే బయటపడుతుంది. తెలుగులో బయటపడదు. ఎందుకంటే మన క్రియకు ఏకవచనంలో ఆడమనిషి, వస్తువు ఒకటే: గాయని నిలిచింది, పాట నిలిచింది, గేదె నిలిచింది. బహువచనంలోకి వెళ్తే విడిపోతాయి: గాయనులు నిలిచారు, పాటలు నిలిచాయి. ఆడవాళ్లను చెప్పే మాటలకు వ్యాకరణం మహతీవాచకాలని పేరుపెట్టి చెప్పిన వింత ఇదే, ఏకవచనంలో అమహత్తుతో అంటే వస్తువులు, జంతువులతో, బహువచనంలో మహత్తుతో అంటే మగవాళ్లతో జట్టు. దీన్ని తెలుగు ఆడవాళ్లకు చేసిన అన్యాయమని కోప్పడేవారున్నారు. వాళ్ల కోపాన్ని నేను కాదనను. మీకు దీనివల్ల పడే చిక్కు మాత్రం చిన్నది, కర్తను మళ్లీ ఒకసారి చెబితే తీరిపోతుంది.

'రాత్రికి రాత్రే' మంచి తెలుగు జాతీయం, ఇక్కడ మాత్రం అబద్ధం. 2012 నవంబరులో వినిపించిన పాట 2013 మార్చిలో న్యూజిలాండ్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, అక్టోబరులో అమెరికాలో వెళ్లింది. పదకొండు నెలలు చాలా పెద్ద రాత్రి. పైగా ఆమె బడిలో ఉండగానే రికార్డు కంపెనీ ఒప్పందం చేసుకుని కొన్నేళ్లు తయారుచేసింది. సాధన, గురువు, ఎదురుచూపు అని అరంగేట్రం గురించి చెప్పానే, ఆ మాట ఈ కథకు నిజంగా అతుకుతుంది. తెరంగేట్రం, రాత్రికి రాత్రే, ఈ రెండూ అతకవు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలని ఉంది. 'రాయల్స్' పేరును రాజులనో రాచవారనో అనువదించకండి. అమెరికాలోని కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు బేస్‌బాల్ ఆటగాడు జార్జ్ బ్రెట్ చొక్కా మీద ఆ మాట ఉన్న పాత ఫోటో చూసి ఆమెకు ఆ పేరు తట్టిందట. మన 'రాయలు'తో పోలిక చూసి ముచ్చటపడేవాళ్లకు ఇంకో ముచ్చట. సంస్కృత రాజకూ లాటిన్ రెక్స్‌కూ మూలం ఒకటే. యకారం మాత్రం ఎవరిది వారిది. మనవైపు జకారం ప్రాకృతంలో జారి రాజ 'రాయ' అయింది, అటువైపు గకారం ఫ్రెంచిలో కరిగి రెగాలిస్ 'రాయల్' అయింది. ఒక తాత మనవళ్లు వేర్వేరు ఊళ్లలో ఒకే రంగు చొక్కా కొనుక్కున్నట్టు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "న్యూజిలాండ్ గాయని లార్డ్ 16 ఏళ్లకే 'రాయల్స్' అనే సింగిల్‌తో పాప్ సంగీతంలో అరంగేట్రం చేసింది. ఏడాది తిరగకముందే ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరి, తొమ్మిది వారాలు అక్కడే నిలిచింది." 2014లో దానికి రెండు గ్రామీ సంగీత పురస్కారాలు వచ్చిన సంగతి తర్వాతి వాక్యంలో చెప్పుకోవచ్చు. మాస్టారికి ఈ కాగితం చూపిస్తే, గాయనిని కొట్టేసిన గీత ఒక్కటి చెరిపేయమని నా మాటగా అడగండి.