ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోకు

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాయడానికి ఒక కుర్రాడు కూర్చున్నాడంటేనే నాకు సంతోషం. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ మన హైదరాబాదీ అని ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడి 1-0తో గెలిచిన ఆ మ్యాచ్‌ని నువ్వు బాగా రాశావు.

నా బాధ ఆ తర్వాతి భాగం గురించి. తొమ్మిది పేజీల్లో ఎనిమిదిన్నర పేజీలు ఆయన ఆటే ఉంది. చివర్లో ఒక్క వాక్యం: "ఆటకు వీడ్కోలు పలికాక ఆయన కోచ్‌గా సేవలందించారు." ఈ వాక్యం మన పేపర్లలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేనూ రాశాను. అందుకే నీకు ఈ ఉత్తరం.

చాలా ఏళ్ల కిందట, దేశం తరఫున ఆడిన ఒక పెద్దాయన్ని కలవడానికి సికింద్రాబాద్‌లో ఒక మైదానానికి వెళ్లాను. అప్పటికి ఆయన పిల్లలకు ఆట నేర్పుతున్నారు. నేను పాత గోల్స్ గురించి అడుగుతుంటే ఆయన జవాబు చెప్తున్నారు గానీ చూపంతా పిల్లల మీదే ఉంది. పన్నెండేళ్ల కుర్రాడొకడు బంతి అందుకున్న ప్రతిసారీ పోగొట్టుకుంటున్నాడు. వెనక ఎవరున్నారో చూసుకోకుండానే తిరుగుతున్నాడు, వెనకున్నవాడు లాగేసుకుంటున్నాడు. పెద్దాయన లేచి వెళ్లి ఆ పిల్లాడి వెనక నిలబడ్డారు. "బంతి నీ కాలికి తగిలేలోపు నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నానో చెప్పు" అన్నారు. మొదట వేళ్లు చూస్తే బంతి జారిపోయింది, బంతి చూస్తే లెక్క తప్పింది. మూడు, రెండు, నాలుగు... అలా అరగంట. ఆయన తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాక కూడా, బంతి వస్తుంటే ఆ కుర్రాడి తల దానంతటదే భుజం మీదుగా వెనక్కి తిరుగుతోంది.

నేను ఇంటికెళ్లి ఆయన గోల్స్ రాశాను, మెడల్స్ రాశాను. అచ్చయ్యాక పేపరు తీసుకెళ్లి ఇస్తే మొత్తం చదివి, "ఆ పిల్లాడి సంగతి రాయలేదేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు నయీముద్దీన్ దగ్గరికి రా. బ్యాంకాక్‌లో ఆయన కోచ్‌ల్లో ఒకరు పీకే బెనర్జీ. ఆ పీకే ఎవరు? 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనకు మొదటి గోల్ కొట్టినవాడు. ఆయనకు నేర్పింది ఎవరు? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ దేశం జట్టునీ తీర్చిదిద్దిన రహీం సాబ్, మన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తికి బడిపంతులు. వాటం లేని కాలితో మాత్రమే ఆడాలని నియమం పెట్టి మ్యాచ్‌లు ఆడించేవారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో తిప్పుకుంటూ పరుగెత్తడం, చెయ్యకూడదని ఇంకో నియమం. ఆ జకార్తా టోర్నీలోనే తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపితే, ఫైనల్లో రెండో గోల్ అతనిదే. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

చూశావా? హైదరాబాద్ పంతులు నేర్పింది కలకత్తా పీకేకి వెళ్లింది, పీకే నుంచి మళ్లీ హైదరాబాద్ నయీమ్‌కి వచ్చింది, నయీమ్ దాన్ని తీసుకెళ్లి కలకత్తా కుర్రాళ్లకు ఇచ్చారు. 1990లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ద్రోణాచార్య అవార్డు వచ్చింది కూడా 1990కే. అంతకు పదమూడేళ్ల ముందు, 1977లో, అవే మూడు కప్పులు కలకత్తాలోని ఇంకో క్లబ్ మోహన్ బగాన్‌కి తెచ్చిన కోచ్ పీకే. ఈ దారం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నాకైతే మెడల్ కన్నా ఇదే పెద్ద వార్త.

పీకే గురించి ఇంకో ముక్క. ఆటగాడిగా ఆయన ఈస్టర్న్ రైల్వే మనిషి, ఈస్ట్ బెంగాల్‌కి గానీ మోహన్ బగాన్‌కి గానీ ఆడలేదు. తీరా ఆ రెండు క్లబ్బుల చరిత్రా ఆయన పేరు లేకుండా రాయలేం. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన చెప్పే మాటలకు కలకత్తాలో 'వోకల్ టానిక్' అని పేరు. 1997 జూలై 13న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. ఇవతల ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే. అవతల మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా. ఆయనా దేశానికి ఆడినవాడే. ఆటగాళ్లను వజ్రం ఆకారంలో నిలిపే డైమండ్ వ్యూహంతో అందరినీ చిత్తు చేస్తూ వచ్చారు. మ్యాచ్‌కి ముందు ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లను ఎగతాళి చేస్తూ మాట్లాడారు. పీకే ఆ మాటలనే తన కుర్రాళ్లకు మందుగా పోశారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, 4-1తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఇక్కడ పీకే ఒక్కసారి కూడా బంతి తన్నలేదు. కోచ్ గురించి రాయడంలో కష్టం ఇదే. పని ఒకరిది, కనపడేది మరొకరి కాళ్లలో.

అందుకని కోచ్‌ని మాత్రమే అడిగితే సరిపోదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లను వెతుకు. "మంచి కోచ్ కదా?" అని అడగకు, అందరూ అవుననే అంటారు. "ఆయన దగ్గరికి వెళ్లకముందు నీకు చేతకానిది ఏంటి?" అని అడుగు. "ఎప్పుడు తిట్టారు? ఏమని తిట్టారు? నిన్ను టీమ్‌లోంచి తీసేసిన రోజు ఏం చెప్పారు?" అని అడుగు. పక్కన పెట్టేసిన ఆటగాడిని కూడా కలువు. అతని దగ్గర వేరే కథ ఉంటుంది, అదీ కావాలి.

ఓటములు దాచకు. గౌరవం కొద్దీ దాచావని నాకు తెలుసు. 2005 డిసెంబర్‌లో కరాచీలో నయీముద్దీన్ కోచ్‌గా ఉన్న భారత జట్టు బంగ్లాదేశ్‌ని 2-0తో ఓడించి దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచింది. రెండు నెలలు తిరిగాయో లేదో, 2006 ఫిబ్రవరిలో జపాన్ చేతిలో 0-6. ఆ 2006లోనే ఆయన స్థానంలో ఇంగ్లండ్ కోచ్ బాబ్ హౌటన్ వచ్చారు. 1970లో కెప్టెన్‌గా తను ఓడించిన జపాన్ ముందే ముప్పై ఆరేళ్ల తర్వాత సైడ్‌లైన్ దగ్గర నిలబడి ఆరు గోల్స్ చూసిన మనిషి ఆయన. ఆ ముప్పై ఆరేళ్లలో జపాన్ ఏం చేసింది, మనం ఏం చెయ్యలేదు అన్న ప్రశ్నని నీ వ్యాసంలో ఆయన పక్కనే నిలబెట్టు. ఆయన గౌరవం తగ్గదు, పైగా భారమంతా ఒక్కరి నెత్తినే వెయ్యడం ఎంత అన్యాయమో చదివేవాళ్లకే తెలుస్తుంది.

భాష గురించి ఒక్కటే చెప్తాను. "ఫుట్‌బాల్ దిగ్గజం", "మైదానంలో మెరుపులు", "ఎందరికో స్ఫూర్తి" లాంటివి కొట్టెయ్. ఆ చోట్లో ఆయన ఏం చేశారో పెట్టు.

ముందు ఏదైనా మైదానానికి పొద్దున్నే ఆరింటికి వెళ్లి ఒక గంట కూర్చో. పెన్ను తియ్యకు. కోచ్ ఎవరైనా ఫర్వాలేదు, ఆయన ఆటని ఎక్కడెక్కడ ఆపుతున్నారో మాత్రం చూడు. ఆ తర్వాత మళ్లీ రాసి పంపు. ఈసారి బ్యాంకాక్‌ని ఒక్క పేజీలో ముగించు.

నీ అన్నయ్య