చింతచెట్టు ఎక్కడానికి కొట్లో దొరికే ప్లాస్టిక్ తాడు చాలదా? పట్టుముడికి ఏ తాడు వాడాలి?

చాలదు, చెట్లెక్కడానికే తయారైన 11–13 మి.మీ. పాలిస్టర్ అల్లిక తాడు, పట్టుముడికి దానికంటే సన్నగా ఉండి వేడిని తట్టుకునే మరో తాడు కావాలి.

పట్టుముడి అంటే ఎక్కే తాడు చుట్టూ మరో తాడును చుట్టి వేసే ప్రూసిక్ లాంటి ముడి: బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. పనంతా రాపిడిదే. రెండు తాళ్లూ ఒకే మందమైతే ముడి సరిగా పట్టదు, మరీ సన్నదైతే బిగుసుకుపోయి వదలదు. దిగేటప్పుడు ఆ రాపిడికి ముడి వేడెక్కుతుంది. మామూలు ప్లాస్టిక్ తాడులోని పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, పాలిస్టర్ 250 దాటాక. అరామిడ్ (కెవ్లార్ లాంటి కృత్రిమ) పోగు అసలు కరగదు, అందుకే ముడి తాడు పైపొరలో అది ఉంటే మేలు.

ఉదాహరణకు, అనంతపురం వైపు చింతకాయ దులపడానికి 12 మి.మీ. తాడు మీద ఎక్కేవారు ముడికి 8–10 మి.మీ. అరామిడ్ తాడు తీసుకోవాలి. పైకి వెళ్లే ముందు మోకాలెత్తులోనే పూర్తి బరువు వేసి, ముడి పడుతోందో లేదో చూడాలి. ఇది మాత్రం వదలొద్దు.

‘లావుగా ఉంటే గట్టిది’ అనేది చాలామంది పొరపాటు. లారీ లోడు కట్టే లావు ప్లాస్టిక్ తాడు కూడా ఎండకు పైపోగుల నుంచి పెళుసెక్కి బలం కోల్పోతుంది.