మీ ఇంట్లో యుద్ధం చూసొచ్చిన పెద్దవాళ్ళు ఉన్నారా? దాని గురించి మీకేం చెప్పేవాళ్ళు?

మా తాతయ్య ఏమీ చెప్పేవాడు కాదు. అడిగితే "ఏముందిరా, చలి" అనేవాడు. 2025 జనవరిలో పోయాడు. చేతికర్ర ఇప్పటికీ విజయవాడలో మా తలుపు వెనకే ఉంది. ఈ ప్రశ్న చూడగానే అదే గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఆయన మద్రాస్ సాపర్లలో పనిచేశాడు. సాపర్లంటే వంతెనలు, రోడ్లు వేసేవాళ్ళు, శత్రువు పాతిన మందుపాతరలు తీసేవాళ్ళు. బెంగళూరులో అలసూరు చెరువు దగ్గర వాళ్ళ సెంటర్. వాళ్ళని తంబీలంటారు. అలా దుగ్గిరాల పక్క పల్లె నుంచి వెళ్ళిన మా తాతయ్య 1957 నుంచి పదిహేడేళ్ళు తంబీ అయ్యాడు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో పశ్చిమ సరిహద్దున శకర్‌గఢ్ వైపు ఉన్నాడని మాకు తెలుసు. ఆ యుద్ధానికి వచ్చిన పశ్చిమీ స్టార్ పతకం నాయనమ్మ సూదుల డబ్బాలో, గుండీల మధ్య ఉండేది. తిరిగొచ్చాక గవర్నర్‌పేటలో ఒక బ్యాంకుకి గార్డుగా చేశాడు. ఆ భాగంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆయన యుద్ధం నాకు కొంచెం అర్థమైంది మా నీళ్ళ గొట్టం పగిలిన రోజు. సింగ్ నగర్‌లో మా ఇంటి ముందు, ఓ పదిహేనేళ్ళ కిందట. గొట్టం ఎక్కడ పాతారో ఎవరికీ గుర్తులేదు. ప్లంబర్ గునపం ఎత్తి నిట్టనిలువుగా దించబోతుంటే తాతయ్య అరుగు మీంచి ఒక్క అరుపు అరిచాడు. డెబ్బై దాటిన మనిషి, వచ్చి నేల మీద బోర్లా పడుకున్నాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని ఏటవాలుగా, రెండేసి అంగుళాలకోసారి మెల్లగా గుచ్చుకుంటూ పోయాడు. ఒక వరుస అయ్యాక బెత్తెడు ముందుకు జరిగి మళ్ళీ మొదలు. ప్లంబర్ బీడీ వెలిగించుకుని నవ్వుతూ నిలబడ్డాడు. పావుగంటలో గొట్టం దొరికింది, చిన్న గీత కూడా పడకుండా.

నిలువుగా గుచ్చితే ఏమవుతుందని అడిగాను. మందుపాతర మీద పైనుంచి బరువు పడితే పేలుతుందట. నిలువుగా పొడిస్తే ఆ బరువు మనమే వేసినట్టు. ఏటవాలుగా వెళ్తే పక్కన తగులుతుంది, గట్టిగా తెలుస్తుంది, అక్కడ ఆగిపోవాలి. ఆయన నోట నేను విన్న మొదటి యుద్ధం మాట అదే. అదీ గొట్టం పుణ్యమా అని.

ఆ ధైర్యంతో ఇంకోసారి కదిపాను. బసంతర్ నది దగ్గర డిసెంబర్ 16న అరుణ్ ఖేత్రపాల్ తన ట్యాంకులోనే ప్రాణం విడిచాడని, 21 ఏళ్ళకే పరమవీర చక్ర వచ్చిందని అప్పుడే చదివాను.

"నువ్వూ అక్కడే కదా తాతయ్యా, ఆయన్ని చూశావా?"

"ఆయన ట్యాంకులో ఉన్నాడు. మేం నేల చూస్తున్నాం."

కాసేపాగి, "మేం దారి పూర్తిగా తీయకముందే పోయాయిరా ట్యాంకులు" అన్నాడు. అది గర్వమో దిగులో నేనిప్పటికీ తేల్చుకోలేదు. మందుపాతరల్లోంచి ట్యాంకులు ఆగకుండా వెళ్ళడాన్ని అందరూ సాహసం అంటారు, నిజమే. దారి తీసేవాడికి మాత్రం అది సగంలో ఆగిన పని.

ఆయన వయసు సంగతి ఇంకో కథ. చేరేటప్పుడు పదిహేడే, పద్దెనిమిది నిండాయని చెప్పాడట. రికార్డులో పుట్టిన సంవత్సరం 1939 అని పడింది. పెన్షన్‌లో 80 ఏళ్ళు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి నూరు శాతం అదనంగా కలుపుతారు. 2019లో మొదటి ఇరవై శాతం పడ్డప్పుడు "ఒక్క అబద్ధానికి ఏడాది ముందే వచ్చిందే" అని నాయనమ్మతో అన్నాడు. ప్రతి నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం టెన్షనే. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకునేది కాదు. "నేను బతికున్నానంటే నా వేలే ఒప్పుకోవట్లేదు" అని నవ్వేవాడు. 90 దాకా లాగి 40 శాతం చూస్తానన్నాడు. చూడలేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్ల నీళ్ళు మా వీధిలోకొచ్చాయి. ఛాతీ లోతు. మేం పై అంతస్తులో చిక్కుకున్నాం. రెండో రోజు నీళ్ళ సీసాల కోసం ఫ్లైఓవర్ దాకా వెళ్దామని నేను దిగుతుంటే తాతయ్య పిలిచి కర్ర చేతిలో పెట్టాడు. "నీళ్ళు చూడకు. కర్ర ముందు, కాలు తర్వాత. ఏటవాలుగా పెట్టు."

వీధి మలుపులో కర్ర ఉన్నట్టుండి చెయ్యి మునిగేదాకా దిగిపోయింది. కాలవ మీద పలక లేదు. నా కాలు ఇంకా వెనకే ఉంది.

సీసాలతో తిరిగొచ్చి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"గుర్తు పెట్టావా?"

"ఏం గుర్తు?"

అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "నీకు తెలిసింది సరే, వెనకొచ్చేవాడికి ఎట్టా తెలుస్తుంది?" నాయనమ్మ ఎర్రచీర ఒకటి అడిగి తీసుకుని తనే పీలికలు చింపాడు. నేను మళ్ళీ దిగి, ఆ మలుపులో కరెంటు స్తంభానికొకటి, ఎదురుగా గేటుకొకటి కట్టొచ్చాను. మర్నాడు చూస్తే ఇంకో సందు మొదట్లో ఎవరో పచ్చ లుంగీ ముక్క కట్టి ఉన్నారు.

తర్వాత నాలుగైదు రోజులకి, గండి పూడ్చడానికి సైన్యం ఇంజినీర్లు వచ్చారని నా ఫోన్‌లో వీడియో చూపించాను. ఇనుప తీగ బుట్టల్లో రాళ్ళు నింపి పేరుస్తున్నారు. మూడుసార్లు వేయించుకున్నాడు. వాళ్ళలో తంబీలున్నారేమో అని వెతుకుతున్నాడనుకున్నాను. ఆయన చూస్తున్నది బుట్టకీ బుట్టకీ మధ్య తీగ ఎలా బిగిస్తున్నారో.

"సరిగ్గానే కడుతున్నార్రా" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.