మార్చుకోని టికెట్లు

విజయవాడ

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మొదటిసారి చదువుతుంటే పక్కింటాయన వచ్చి "ఏంటి మాస్టారూ, అంత శ్రద్ధగా?" అన్నాడు. "సెక్రటేరియట్ గురించి గుంటూరు నుంచి ఒకమ్మాయి రాసింది" అన్నాను. ఆయన వెంటనే కుర్చీ లాక్కుని "వెలగపూడిదేనా? మా ప్లాటు సంగతేమన్నా రాసిందా?" అని అడిగాడు. గుర్రమండీ బాబూ అని నమ్మించేసరికి కాఫీ చల్లారిపోయింది.

నవ్వకు. నీ పాఠకుడికీ ఇదే ఇబ్బంది వస్తుంది. మన దగ్గర సెక్రటేరియట్ అంటే ఫైళ్ళు కదిలే చోటు, కదలని చోటు. అమెరికాలో 1970లో పుట్టిన ఒక ఎర్రటి గుర్రానికి ఆ పేరెలా వచ్చిందో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. యజమానుల దగ్గర సెక్రటరీగా చేసే ఎలిజబెత్ హామ్ అనే ఆవిడ సూచించిన పేరది. అంతకుముందు పంపిన పేర్లు వరసగా తిరిగొచ్చాక ఇది ఖాయమైంది. మనవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి వచ్చే గుమ్మం అదొక్కటే, దాన్ని మూసేశావు.

ఇక మొదటి పేజీ. గుర్రం "గాలితో పోటీ పడింది", "మెరుపులా దూసుకుపోయింది", "చరిత్ర సృష్టించింది". ఈ మాటలు నీవి కావు తల్లీ. క్రికెట్‌కీ సినిమాకీ ఎలక్షన్లకీ వాడి వాడి అరగదీసినవి. వాటిని కొట్టేస్తూ పోతే ఆ పేజీలో మిగిలింది తేదీ ఒక్కటే: 1973 జూన్ 9, అది బెల్మాంట్ అనే పెద్ద రేసు గెలిచిన రోజు. అది బాగుంది, ఉంచు.

నేను ఆగిపోయింది తొమ్మిదో పేజీలో. ఒక పేరా చివర, ఏదో గుర్తొచ్చి చెప్పినట్టు, "ఆ రోజు గెలిచిన టికెట్లలో 5,617 టికెట్లకు ఎవరూ డబ్బు తీసుకోలేదు" అని రాసి ముందుకెళ్ళిపోయావు. అసలు సంగతిని అక్కడ దాచి, ఎనిమిది పేజీలు నన్ను ఊరంతా తిప్పావు. బెల్మాంట్‌లో ఆ రోజు ఆ గుర్రమే గెలుస్తుందని అందరికీ ఎంత నమ్మకమంటే, దాని మీద పందెం కాసి రెండు డాలర్ల టికెట్టు కొన్నవాడికి వచ్చేది 2 డాలర్ల 20 సెంట్లు. లాభం 20 సెంట్లు. కిటికీ దగ్గరకెళ్ళి కాగితం ఇస్తే చాలు. ఇవ్వలేదు, ఇంటికి తీసుకెళ్ళారు.

మన బెజవాడలో మొదటి రోజు మొదటి ఆట టికెట్టు ముక్కని పర్సులో ఏళ్ళ తరబడి దాచుకునేవాళ్ళు నాకు తెలుసు. కానీ చింపిచ్చిన ముక్కకి ఎవడూ డబ్బులివ్వడు. వీళ్ళు దాచుకున్నది డబ్బులొచ్చే కాగితం. తమ డబ్బు తామే వదులుకుని, ఆ కాగితం మీదున్న పేరు ఉంచుకున్నారు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. అలాగని 5,617 మంది ప్రేమతో దాచుకున్నారని రాసేయకు. టికెట్లన్ని ఉన్నాయంటే మనుషులూ అంతమందే అని కాదు. కొందరు జనంలో పారేసుకుని ఉంటారు, కొందరికి 20 సెంట్ల కోసం క్యూలో నిలబడే ఓపిక లేకపోయి ఉంటుంది. ఆ అనుమానాన్ని కూడా రాయి. అప్పుడు మిగతావాళ్ళ ప్రేమని పాఠకుడు తనే లెక్క కట్టుకుంటాడు.

ఇంత ఖచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇదే తప్పు నేనూ చేశాను.

నాకు పాతికేళ్ళప్పుడు ఒక వారపత్రిక కోసం బండలాగుడు గిత్తల మీద రాశాను. తెనాలి వైపు ఒక ఊరు. ఆ ఒంగోలు జత పోయి అప్పటికే నాలుగేళ్ళు. అయినా ఏ అరుగు మీద కూర్చున్నా వాటి మాటే. ఏ తిరునాళ్ళలో ఎన్ని అడుగులు లాగాయో ఒకడు చెప్తే, ఇంకొకడు దానికి రెండొందల అడుగులు కలిపేవాడు. నేను "చిరుతపులుల్లా ఉరికేవి" అని రాసుకుని, గొప్పగా ఆ రైతుకే చదివి వినిపించాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని "గిత్త చిరుతలా ఉరికితే బండ ఎవడు లాగుతాడయ్యా, మీ తాతా?" అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. గిత్త తల దించాలి. మెడతో కాడిని నెట్టాలి. గిట్టలు నేలలోకి దిగాలి. దాపటిదీ ఎలపటిదీ ఒకేసారి అడుగు వేయాలి, అరక్షణం తేడా వచ్చినా బండ పక్కకి లాగేస్తుంది. ఉరకడం అనేదే లేదు అందులో. నేనేమో పోటీని చూడకుండా పోలికని చూశాను.

అంతటితో అయిపోలేదు. ఆయన నన్ను వెనక దొడ్లోకి తీసుకెళ్ళి కట్టుగుంజ చూపించాడు. తుమ్మ మొద్దు. కిందా పైనా బెరడు గరుగ్గా ఉంది. నా నడుము ఎత్తున మాత్రం, ఒక్క వైపే, జానెడు మేర నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. గిత్త మెడ రుద్దుకున్న చోటు. అక్కడ చిన్న గుంట కూడా పడింది. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. పోటీల గురించి, కప్పుల గురించి అంతసేపు మాట్లాడిన మనిషి అక్కడ ఒక్క మాటా మాట్లాడలేదు.

నేను ఏం రాశానో తెలుసా? చిరుతల్ని తీసేసి సింహాల్ని పెట్టాను. గుంజ గురించి ఒక్క అక్షరం రాయలేదు, అది వార్తలా అనిపించలేదు నాకు. పత్రికవాళ్ళు వేశారు కూడా. ఆ కటింగు ఇప్పటికీ బీరువాలో ఉంది, ఎవరికీ చూపించను.

నీ 5,617 టికెట్లు నాకు ఆ గుంజలాగే కనిపించాయి.

అంకెల గురించి కొంచెం. "31 లెంగ్తుల తేడాతో గెలిచింది" అన్నావు. లెంగ్తు అంటే గుంటూరులో ఎవరికి తెలుసు? ముక్కు నుంచి తోక దాకా గుర్రం పొడవు, ఎనిమిది అడుగులనుకో. ముప్ఫై ఒకటంటే దాదాపు 250 అడుగులు. ఈసారి విజయవాడ స్టేషన్లో దిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు పెట్టెలు మూడు లెక్కపెట్టు. ఈ చివర ఆ గుర్రం, ఆ చివర రెండోది. మధ్యలో ఎవరూ లేరు. మూడు పెట్టెలని రాస్తే చాలు, "అద్వితీయం" అక్కర్లేదు.

బెల్మాంట్‌కి ముందు అది గెలిచిన కెంటకీ డెర్బీ రేసు లెక్క నువ్వు ఇచ్చిన తీరు బాగుంది. అయిదు పావు మైళ్ళు. 25.2 సెకన్లు, 24, 23.8, 23.4, 23. ఏ గుర్రమైనా పోనుపోను అలిసిపోతుంది, ఇది మాత్రం ప్రతి పావు మైలుకీ ముందుదానికంటే తక్కువ సమయం తీసుకుంది. మొత్తం ఒక నిమిషం 59.4 సెకన్లు, ఇప్పటికీ అదే రికార్డు. ఇక్కడ నువ్వు ఒక్క విశేషణం కూడా వాడలేదు. నీకు తెలియకుండానే బాగా రాశావు.

తప్పు రాసిన చోటు ఇంకొకటుంది. "దాని గుండె 22 పౌండ్లు తూగింది" అన్నావు. తూగలేదమ్మా, అసలు తూచలేదు. 1989 అక్టోబర్ 4న, గిట్టల జబ్బు ముదిరి నయమయ్యే ఆశ లేక, ఆ గుర్రాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చారు. పోస్టుమార్టం చేసిన డాక్టర్ స్వెర్చెక్ అంత పెద్ద గుండెని అంతకుముందు చూడలేదు, కానీ తూకం వేయలేదు. నాలుగేళ్ళకి షామ్ అనే గుర్రం పోతే దాని గుండెని తూచాడు, 18 పౌండ్లు. దాన్నిబట్టి సెక్రటేరియట్‌ది 22 ఉండొచ్చని అంచనా కట్టాడు. మామూలు రేసు గుర్రానికి ఎనిమిది, తొమ్మిది పౌండ్లుంటుంది. "అంచనా" అన్న మాట పెడితే గుండె చిన్నదైపోదు. పెట్టకపోతే మాత్రం, తెలిసిన పాఠకుడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మూస్తాడు.

ఆ షామ్ ఎవరో నీ వ్యాసంలో లేనే లేదు! డెర్బీలో గేటు దగ్గర తల కొట్టుకుని పళ్ళు ఊడి, నోట్లో రక్తంతో పరిగెత్తి రెండోస్థానంలో వచ్చిన గుర్రమది. డెర్బీకీ బెల్మాంట్‌కీ మధ్య జరిగిన ప్రీక్‌నెస్ రేసులోనూ రెండోదే. బెల్మాంట్‌లో మాత్రం ఆఖరున వచ్చింది. ఇంకో ఏడాది పుట్టి ఉంటే ఆ ఏడాది దానిదే అనేవాళ్ళున్నారు. ఓడినవాడు గట్టివాడైతేనే గెలిచినవాడి కథ నిలబడుతుంది, మన కోడిపందేల బరి దగ్గర ఎవరినడిగినా చెప్తారు.

అభిమానుల మాట ఎంతవరకు నమ్మాలని అడిగావు. తెనాలి అరుగుల మీద అడుగులు ఎప్పుడూ పెరగడమే చూశాను, తగ్గిన పాపాన పోలేదు. కాబట్టి ముగ్గుర్ని అడుగు, ముగ్గురూ చెప్పింది రాయి, సగటు మాత్రం తీయకు. కానీ ఒక్కోసారి వాళ్ళ మొండితనమే నిజమవుతుంది. ప్రీక్‌నెస్‌లో కరెంటు గడియారం 1 నిమిషం 55 సెకన్లు చూపించింది. తర్వాత దాన్ని 1:54.4కి సవరించారు. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కిన ఇద్దరు పత్రికవాళ్ళు మాత్రం 1:53.4 అన్నారు. ఈ సెకను కోసం జనం 39 ఏళ్ళు వాదించారు. చివరికి 2012లో వీడియోలు పెట్టి చూసి, అధికారికంగా 1:53 అని మార్చారు. గుర్రం పోయి అప్పటికి 23 ఏళ్ళు. ఒక్క సెకనుకి ఇంత గొడవ పడ్డవాళ్ళని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. వాళ్ళ గురించి ఒక పేజీ రాయి.

పుట్టే పిల్లల్లో ఏది ఎవరికో తేల్చడానికి నాణెం ఎగరేసిన కథ అందరూ రాసేదే, రెండు లైన్లు చాలు. పెన్నీ చెనరీ పక్షం టాస్ ఓడింది, ఓడినందుకే ఈ గుర్రం వాళ్ళ వంతుకొచ్చింది. దానికి విధి, కర్మ అని తాత్వికం కలపకు.

యజమానురాలు పెన్నీ చెనరీ, ట్రైనర్ లూసియెన్ లారిన్, జాకీ రాన్ టర్కాట్, అందరి పేర్లూ ఉన్నాయి. ఒళ్ళు కడిగి, కాళ్ళకి పట్టీలు చుట్టి, రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉన్న ఎడ్డీ స్వెట్ ఏడీ? కెంటకీ హార్స్ పార్కులో కంచు విగ్రహం ఉంది చూడు, అందులో గుర్రాన్ని పట్టుకుని నడిపిస్తున్నది అతనే. మన దగ్గర కూడా కప్పు అందుకునేటప్పుడు ఫొటోలో ఆసామి ఉంటాడు. అర్ధరాత్రి లేచి గిత్తకి ఉలవలు పెట్టినవాడు ఉండడు.

అమెరికా ముఖం చూడనిదాన్ని, నేనిది రాయొచ్చా అన్నావు. రాయొచ్చు, అయితే స్టాండులో కూర్చున్నట్టు రాయకు. నీ అయిదో పేజీలో "చుట్టూ జనం హోరెత్తుతున్నారు" అని ఉంది. నీ చుట్టూ ఎవరున్నారు? మొన్న వాట్సాప్‌లో నువ్వే చెప్పావు: రాత్రి రెండింటికి బ్రాడీపేట హాస్టల్లో, దుప్పటి కప్పుకుని ఫోన్లో ఆ రేసు చూస్తూ ఒక్కసారి అరిచావట. పక్క మంచం మీద అమ్మాయి ఉలిక్కిపడి లేచి "ఎవరు పోయారే?" అని అడిగిందట. మీ అమ్మ కూడా పుట్టకముందు అయిపోయిన రేసు. ఎవరు గెలిచారో నీకు ముందే తెలుసు. అయినా అరిచావు. అది వ్యాసంలో ఎందుకు లేదు? వాట్సాప్‌లో నాకొక్కడికే ఎందుకు చెప్పావు?

వచ్చే ఆదివారం వస్తానన్నావుగా. ఎండెక్కకముందే బస్సెక్కు. పెన్‌డ్రైవ్ వద్దు, కాగితాల మీద తీసుకురా, వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఖాళీ వదిలి. పెన్సిలు నా దగ్గరుంది. మీ పక్క మంచం అమ్మాయిని కూడా తీసుకురా. ఆ రాత్రి నిజంగా ఏమందో ఆమెనే అడుగుదాం, నువ్వు రెండొందల అడుగులు కలిపావేమో.

ఉంటాను,
మీ మాస్టారు